బడిలో ఇంటర్నెట్, పిల్లల భద్రత: ఫిల్టర్ కొనే ముందు చూసుకోవాల్సినవి

మేడమ్, మీ ప్రశ్న చదివాను. ఉదయగిరి వైపు జడ్పీ హైస్కూలు, ఈ మధ్యే ఫైబర్ కనెక్షన్ వచ్చింది, ల్యాబులో పాతవీ కొత్తవీ కలిపి డజను కంప్యూటర్లు, మూడు తరగతి గదుల్లో ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (పెద్ద టీవీల్లాంటి టచ్ బోర్డులు) ఉన్నాయి. ఎనిమిదో తరగతి పాఠం మధ్యలో ప్యానెల్ మీద చూడకూడని బొమ్మ ఒకటి కనపడింది. మరుసటి రోజు తల్లిదండ్రులు వచ్చి గొడవ పెట్టారు. స్కూల్ కమిటీలో ఒకాయన "ఆ నెట్టు పీకేయండి, పీడా పోతుంది" అన్నారు. ఏ ఫిల్టర్ కొనాలి, ఎంత అవుతుంది, నెట్ ఆపేయడమే మంచిదా అని మీరు అడిగారు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల బళ్లలో కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటూ, టీచర్లకు సైబర్ భద్రత మీద శిక్షణ ఇస్తూ చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను. ఫిల్టర్ కొనాల్సిన పని లేదు. మీ బడికి సరిపోయేది ఉచితంగానే దొరుకుతుంది, పెట్టడానికి అరగంట చాలు. ఎలా పెట్టాలో కింద రాస్తాను. కానీ ఇన్నేళ్లలో పిల్లలకు జరగ్గా నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఏ ఫిల్టరూ ఆపగలిగేవి కావు. అవి బడి రోజువారీ అలవాట్ల వల్ల జరిగినవి. లాగౌట్ చేయని ఖాతా, ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫోటో, అందరి నంబర్లు కనపడే వాట్సాప్ గ్రూపు, పిల్ల వచ్చి చెప్పినప్పుడు టీచర్ నోట వచ్చిన మొదటి మాట, ఇలాంటివి. అందుకే ఫిల్టర్ కన్నా వీటి గురించే ఎక్కువ రాస్తాను.

ముందు ఆ ప్యానెల్ సంగతి చూద్దాం. అందులో యూట్యూబ్ ఎవరి జీమెయిల్‌తో తెరిచి ఉందో రేపు చూడండి. చాలాచోట్ల ఒక సార్‌దో, మేడమ్‌దో సొంత ఖాతా ఉంటుంది. ప్యానెల్ బిగించిన రోజు ఎవరు దగ్గరుంటే వాళ్ల ఖాతా పెట్టేస్తారు, అది అట్టే ఉండిపోతుంది. ఆ టీచర్ ఇంట్లో తన ఫోన్‌లో ఏం చూశారో దాన్నిబట్టి యూట్యూబ్ ఇక్కడ ప్యానెల్ మీద వీడియోలు చూపిస్తుంది. ఆయన చెడ్డదేమీ చూసి ఉండనక్కర్లేదు. రెండు సినిమా పాటలు, ఒక క్రైమ్ వార్త చూసినా చాలు, కిరణజన్య సంయోగక్రియ వీడియో పక్కన పిల్లలకు పనికిరాని బొమ్మలు వరసగా వచ్చి కూర్చుంటాయి. మీ తరగతిలో జరిగింది కూడా ఇదే అయి ఉంటుందని నా అనుమానం. కాబట్టి ఆ రోజు పాఠం చెప్తున్న టీచర్‌ను తప్పుపట్టకండి.

ఇంతకంటే బాధపెట్టిన సంఘటన ఒకటి చెప్తాను, ఏ ఊరో వద్దు. మధ్యాహ్న భోజనం బెల్లు అయ్యాక ఏడో తరగతి పిల్లలు ప్యానెల్ ముందు గుమిగూడి ఉన్నారు. దగ్గరికి వెళ్లి చూస్తే వాట్సాప్ వెబ్ తెరిచి ఉంది. పొద్దున ఒక టీచర్ వర్క్‌షీట్ దించుకోవడానికి లాగిన్ అయ్యి, బెల్లు కొట్టగానే అలాగే వదిలేసి పక్క క్లాసుకి వెళ్లిపోయారు. స్టాఫ్ గ్రూపులో ఒక పిల్లవాడి ఇంటి గొడవల గురించి టీచర్లు రాసుకున్న మాటల్ని ఒకడు పైకి చదువుతున్నాడు. ఆ పిల్లవాడు కంచం చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. వాడు ఆ తర్వాత కొన్నాళ్లు బడికి రాలేదు. ఇందులో అశ్లీల సైటు లేదు, బయటి మోసగాడు లేడు. అయినా ఆ పిల్లవాడికి జరిగింది చిన్న దెబ్బ కాదు.

అందుకని ప్యానెళ్లకు బడి పేరుతో ఒక ఖాతా విడిగా తెరవండి. అందులో వాచ్ హిస్టరీ ఆపేయండి, ఆటోప్లే ఆపేయండి, యూట్యూబ్ సెట్టింగుల్లో రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేయండి. ఆ మోడ్‌లో పెద్దల వీడియోలు చాలావరకు వడకట్టుకుపోతాయి, వీడియోల కింద కామెంట్లు కూడా కనపడవు. ఆ కామెంట్లే ఒక్కోసారి వీడియో కంటే దారుణంగా ఉంటాయి. సొంత వాట్సాప్, సొంత మెయిల్ ప్యానెల్ మీద తెరవకూడదని స్టాఫ్ మీటింగులో చెప్పి, మినిట్స్‌లో రాయించండి. ఫైలు కావాలంటే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటారు. పిల్లల ముందు వెతకడం అనేది పూర్తిగా మానేయాలి. కావలసిన వీడియో ముందుగానే మొదటి నుంచి చివరి దాకా చూసి, తెరిచి పెట్టుకుని క్లాసుకి వెళ్లాలి. మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి కదా, అవి నేరుగా దీక్ష అనే ప్రభుత్వ వేదికలోని పాఠాలకు వెళ్తాయి. అక్కడ పక్కన బొమ్మలు ఉండవు, ప్రకటనలు ఉండవు. యూట్యూబ్ కన్నా ముందు అక్కడ చూడటం అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ఆ బడి ఖాతాకు పాస్‌వర్డ్ మరిచిపోతే తెచ్చుకునే ఫోన్ నంబరు ఎవరిదో కూడా చూసుకోండి. బదిలీల కౌన్సెలింగ్‌లో ఆ టీచర్ వేరే మండలానికి వెళ్లిపోతే ఖాతా కూడా ఆయన జేబులోనే వెళ్లిపోతుంది. బడికంటూ ఒక సిమ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే హెచ్‌ఎం మారినప్పుడల్లా ఛార్జ్ లిస్టులో ఈ ఖాతాను కూడా చేర్చి అప్పగించండి.

ఇప్పుడు ఫిల్టర్. ఏ సైటు తెరిచినా, ఆ పేరుకు అసలు చిరునామా ఏదో వెతికిపెట్టే సేవ ఒకటి వెనక ఉంటుంది, దాన్నే డీఎన్‌ఎస్ అంటారు. మామూలుగా ఇది మీ ఇంటర్నెట్ కంపెనీదే ఉంటుంది. దాని బదులు పిల్లల కోసం నడిపే డీఎన్‌ఎస్ పెడితే, అది చెడ్డ సైట్ల చిరునామా చెప్పదు, అందుకని ఆ సైటు తెరుచుకోదు. బళ్లకు నేను పెట్టేది క్లీన్‌బ్రౌజింగ్ వాళ్ల ఫ్యామిలీ ఫిల్టర్. వైఫై ఇచ్చే రూటర్ బాక్సు సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ అని ఉన్నచోట 185.228.168.168, రెండోది 185.228.169.168 అని కొట్టాలి. ఇది అశ్లీల సైట్లతో పాటు, ఫిల్టర్‌ను తప్పించుకోవడానికి వాడే వీపీఎన్, ప్రాక్సీ సైట్లను కూడా చాలావరకు ఆపుతుంది, గూగుల్, యూట్యూబ్‌లను సేఫ్ మోడ్‌లో ఉంచుతుంది. ఇది కుదరకపోతే క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.3, 1.0.0.3 పెట్టుకోవచ్చు, అదీ ఉచితమే. రూటర్‌లో పెడితే వైఫై వాడే ప్రతి మెషీన్‌కూ వర్తిస్తుంది, ఒక్కో కంప్యూటర్‌లో మార్చుకుంటూ పోనక్కర్లేదు.

పెట్టే ముందు రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. చాలా రూటర్లు అడ్మిన్ అనే యూజర్ పేరు, అదే పాస్‌వర్డ్‌తో వస్తాయి. తొమ్మిదో తరగతి పిల్లవాడు యూట్యూబ్‌లో చూసి పది నిమిషాల్లో లోపలికి వెళ్లి మీరు పెట్టినవన్నీ తీసేయగలడు. ల్యాబుకు ఒక వైఫై, ఆఫీసుకు, స్టాఫ్‌కు వేరే వైఫై పెట్టండి. పాస్‌వర్డ్ బీరువా తలుపు మీద రాసి అంటించొద్దు. కంప్యూటర్లలో పిల్లలకు స్టాండర్డ్ అకౌంట్ మాత్రమే ఇవ్వండి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ టీచర్ దగ్గరే ఉండాలి. అప్పుడు వాళ్లు చాలా రకాల సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేయలేరు. క్రోమ్ సెట్టింగుల్లో సెక్యూర్ డీఎన్‌ఎస్ అని ఒకటి ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయాలి. లేకపోతే క్రోమ్ మీ రూటర్‌ని పక్కనపెట్టి తన దారిన తాను వెళ్లే అవకాశం ఉంది. ఇదంతా అయ్యాక పిల్లలు వెళ్లిపోయిన సాయంత్రం మీరే కూర్చుని పరీక్షించండి.

దీని పరిమితి కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే ఫిల్టర్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉన్న బళ్లలోనే ఇబ్బందులు వస్తున్నాయి. పోస్ట్‌మ్యాన్ కవరు మీద అడ్రసు చూస్తాడు గానీ లోపలి ఉత్తరం చదవడు. డీఎన్‌ఎస్ కూడా అంతే, సైటు పేరు వరకే దానికి తెలుస్తుంది. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, టెలిగ్రామ్‌లో ఎవరు ఎవరికి ఏం పంపుకుంటున్నారో దానికి తెలియదు. పిల్లల జేబులో ఫోన్ ఉండి, దాన్నుంచి హాట్‌స్పాట్ తెరిచినా అంతే సంగతులు. పిల్లలు బడికి ఫోన్ తేవడాన్ని మన విద్యాశాఖ 2023లోనే నిషేధించింది. ఆ నియమం మీ బడిలో ఎంతవరకు నడుస్తుందో మీకే బాగా తెలుసు. ఇంకొకటి, ఉచిత సేవలో మనకు కావలసిన ఒక్క సైటును విడిగా అనుమతించే వీలు లేదు. జీవశాస్త్రం టీచర్‌కు పునరుత్పత్తి పాఠానికి ఏదైనా సైటు అడ్డుపడితే చిరాకొచ్చి ఫిల్టర్ మొత్తం తీసేయమంటారు. తీయొద్దు. ఆ పాఠానికి కావలసింది ఇంటి నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోమనండి.

ల్యాబులో కుర్చీలు ఎలా వేశారో కూడా చూడండి. స్క్రీన్లన్నీ గోడ వైపు తిరిగి, పిల్లల ముఖాలు మాత్రమే టీచర్‌కు కనపడేలా చాలా ల్యాబులు ఉంటాయి. బల్లలు మూడు గోడల వెంబడి జరిపి, పిల్లలు గోడకు ముఖం పెట్టి కూర్చుంటే తలుపు దగ్గర నిలబడ్డ టీచర్‌కు అన్ని స్క్రీన్లూ ఒక్క చూపులో కనపడతాయి. పైసా ఖర్చు లేదు. కరెంటు ప్లగ్గులు ఎక్కడున్నాయో చూసుకోవాలి, అంతే. ఏ సిస్టమ్ మీద ఏ పీరియడ్‌లో ఎవరు కూర్చున్నారో రిజిస్టర్‌లో సంతకం పెట్టించండి. ఎవర్నో పట్టుకోవడానికి కాదు, రేపు ఏదైనా జరిగితే తప్పు చేయని పిల్ల మీద నింద పడకుండా ఉండటానికి.

ఇక ఫోటోల విషయం. ఇక్కడ బడి చాలా మారాలి. ఆగస్టు 15కు డ్యాన్స్ కట్టిన ఆడపిల్లల ఫోటోలు, పదో తరగతి టాపర్ల ఫోటోలు, పక్కన పేరు, తరగతి, ఊరు, మార్కులతో సహా బడి ఫేస్‌బుక్ పేజీలో పెడతారు. పిల్లల మీద ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు. ప్రకాశం జిల్లాలో ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఫోటోను అలాంటి పేజీ నుంచే కత్తిరించి, ఆ అమ్మాయి పేరుతోనే ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో నకిలీ ఖాతా తెరిచారు. ఆ ఖాతా నుంచి ఊళ్లో కుర్రాళ్లకు మెసేజ్‌లు వెళ్లాయి. ఆ పిల్ల చేతిలో ఫోనే లేదు. అయినా "ఫోన్‌లో మాట్లాడుతోందంట" అన్న మాట ఊరంతా పాకింది, ఇంట్లో చదువు మాన్పిస్తామన్నారు. హెడ్‌మాస్టర్ ఆ ఇంటికి స్వయంగా వెళ్లి, ఫోటో ఎక్కడి నుంచి తీశారో తల్లిదండ్రులకు చూపించి, వాళ్లను వెంటబెట్టుకుని ఫిర్యాదు చేయించారు. ఆయన అంత నిలబడ్డారు కాబట్టి ఆ పిల్ల చదువు ఆగలేదు. ఇప్పుడైతే ఒక్క ఫోటో దొరికితే చాలు, ఏఐ యాప్‌లతో దాన్ని ఏ రకంగానైనా మార్చేస్తున్నారు. ముఖం స్పష్టంగా కనపడే ఒంటరి ఫోటో, పక్కన పేరు, ఊరు, ఈ మూడూ కలిపి బయటికి పోకూడదు.

కార్యక్రమం ఫోటో పెట్టాలంటే దూరం నుంచి తీసిన గుంపు ఫోటో పెట్టండి, పేర్లు రాయొద్దు. పాత పోస్టులు ఒక సాయంత్రం కూర్చుని తీసేయండి. అడ్మిషన్ సమయంలోనే ఫోటో అనుమతి కాగితం మీద తల్లి లేదా తండ్రి సంతకం తీసుకోండి, వద్దన్నవాళ్ల పిల్లల్ని ఫోటోలో పక్కకు జరపండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. పిల్లల ఆధార్, అమ్మల బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న ఎక్సెల్ షీట్లు మండల గ్రూపుల్లో తిరగడం కూడా ఆపాలి. పథకం డబ్బు పడాలంటే ఓటీపీ చెప్పమని ఫోన్ చేసేవాడికి ఆ షీట్ దొరికితే అంతకన్నా ఏం కావాలి?

వాట్సాప్ గ్రూపులు కూడా అంతే. పదో తరగతి పేరెంట్స్ గ్రూపు అంటాం, కానీ సాయంత్రం ఆరు తర్వాత ఆ ఫోన్లు ఉండేది పిల్లల చేతుల్లో. తరగతిలో ప్రతి ఆడపిల్ల ఇంటి నంబరు తరగతిలో ప్రతి అబ్బాయికీ, వాడి అన్నకూ, వాడి స్నేహితుడికీ కనపడుతుంది. మనమే ఇచ్చినట్టు. దీనికి బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ మేలు. 256 మంది వరకు పెట్టుకోవచ్చు, ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. కాకపోతే మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది, అది అడ్మిషన్ రోజే చేయించేయొచ్చు. టీచర్, విద్యార్థి విడిగా చాటింగ్ చేయడం ఎవరికీ వద్దు, అది ఎంత మంచి టీచర్ అయినా సరే. డౌట్ ఉంటే క్లాసులో అడగాలి, లేదా ఇంకో టీచర్ కూడా ఉన్న గ్రూపులో అడగాలి. ఈ నియమం పిల్లల్ని కాపాడుతుంది, అపవాదు నుంచి టీచర్‌నూ కాపాడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన దానికి వస్తాను. ఏదో ఒక రోజు ఒక పిల్ల మీ దగ్గరకు వచ్చి, చేతులు నలుపుకుంటూ, "మేడమ్, ఒకడు నా ఫోటో పెట్టుకుని బెదిరిస్తున్నాడు" అంటుంది. లేదా అబ్బాయి వస్తాడు. అబ్బాయిలు చాలా ఆలస్యంగా వస్తారు, అసలు రాని వాళ్లే ఎక్కువ. తెలియని అమ్మాయి పేరుతో వీడియో కాల్ చేసి, రికార్డు చేసి, డబ్బులు అడిగే ముఠాలకు పది, ఇంటర్ చదివే మగపిల్లలు దొరుకుతున్నారు. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012 అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా వర్తిస్తుంది.

ఆ రోజు మీ నోట వచ్చే మొదటి మాట "నువ్వెందుకు పంపావే?" అయితే ఆ పిల్ల ఇంకెవరికీ చెప్పదు. ఆ ఒక్క పిల్లే కాదు, బయట కిటికీ దగ్గర నిలబడి వింటున్న స్నేహితురాళ్లు కూడా రేపు చెప్పరు. "చెప్పి మంచి పని చేశావు, ఇప్పుడు నీకు తోడుగా నేనున్నాను, నీ తప్పు కాదు" అనండి. అక్కడ ఆగండి. వివరాలన్నీ గుచ్చి గుచ్చి అడగొద్దు. ఇప్పటికిప్పుడు ప్రమాదం ఉందా, ఎవరు, ఏ ఖాతా, అంతవరకు తెలిస్తే చాలు. ఫోన్ లాక్కుని స్టాఫ్ రూములో నలుగురికీ చూపించడం చాలాచోట్ల జరుగుతోంది. అది ఆ పిల్లకు రెండోసారి జరిగే అన్యాయం.

ఆ ఫోటోను ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. హెచ్‌ఎం గారికి కూడా వద్దు, "సాక్ష్యం కోసం" అని మీ ఫోన్‌లోకి కూడా వద్దు. పిల్లల అశ్లీల చిత్రాన్ని పంపడం, దించుకోవడం, వెతకడం ఐటీ చట్టం 67బీ కింద నేరం, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. దగ్గర పెట్టుకోవడం కూడా నేరమయ్యే సందర్భాలను సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు తీర్పులో వివరంగా చెప్పింది. మంచి ఉద్దేశంతో స్క్రీన్‌షాట్ తీసిన టీచర్ కూడా ఇబ్బందిలో పడొచ్చు. బొమ్మ అక్కర్లేదు. ఖాతా పేరు, ప్రొఫైల్ లింకు, ఫోన్ నంబరు, డబ్బు అడిగితే యూపీఐ ఐడీ, తేదీ, సమయం ఒక కాగితం మీద రాసుకోండి. ఖాతా పేరు రాత్రికి రాత్రి మార్చేస్తారు కాబట్టి లింకు తప్పనిసరిగా రాయాలి. అందులో అలాంటి బొమ్మ లేని బెదిరింపు మెసేజ్ అయితే స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు. చాట్ డిలీట్ చేయనివ్వొద్దు. డబ్బులు పంపనివ్వొద్దు, ఒకసారి పంపితే రెండోసారి ఇంకా ఎక్కువ అడుగుతారు. బ్లాక్ చేయడం ఈ వివరాలన్నీ రాసుకున్న తర్వాతే.

తర్వాత ఫిర్యాదు. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం మీ ఇష్టాయిష్టాల మీద లేదు, పోక్సో 19వ సెక్షన్ కింద అది బాధ్యత. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసే ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది దాకా. ఊళ్లో పెద్దమనుషుల దగ్గర కూర్చోబెట్టి రాజీ చేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. తల్లిదండ్రులు భయపడేది స్టేషన్‌కి, పరువుకి. వాళ్లకు ఈ మాటలు చెప్పండి: పిల్ల వాంగ్మూలం ఇంట్లోనే, లేదా పిల్ల కోరుకున్న చోట తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు. అమ్మో నాన్నో పక్కనే ఉండొచ్చు. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫోటో, బడి పేరు ఏ పేపర్లోనూ రాకూడదు. ఇవన్నీ చట్టంలో రాసి ఉన్నవే, ఎవరో దయతో చేసేవి కావు. ఇవి చెప్పాక వెనక్కి తగ్గిన తల్లులు కూడా ముందుకు రావడం నేను చూశాను.

చెప్పడానికి నంబర్లు ల్యాబు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. పిల్లలకు ఏ కష్టం వచ్చినా 1098. అత్యవసరమైతే 112. డబ్బు పోతే 1930, అది ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ, కాబట్టి ఇంట్లో అందరూ వచ్చాక ఆలోచిద్దామని కూర్చోవద్దు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పిల్లల అశ్లీల చిత్రాల గురించి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. మహిళల భద్రత కోసం 2025 మార్చిలో మార్కాపురంలో ప్రారంభించిన శక్తి యాప్ కూడా ఉంది, అమ్మల ఫోన్లలో వేయించండి. మీ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆవిణ్ణి ఒకసారి బడికి పిలిచి పిల్లలకు ముఖపరిచయం చేయించండి. తెలిసిన మనిషికి చెప్పడం పిల్లలకు సులభం.

ఫోటో బయటికి పోతుందేమోనని పిల్ల వణికిపోతున్నప్పుడు ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ, 18 ఏళ్ల లోపు తీసిన ఫోటోల కోసం అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ నడుపుతోంది. మన దేశం నుంచి కూడా వాడొచ్చు. ఫోటో ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. దాన్నుంచి ఒక రకమైన డిజిటల్ వేలిముద్ర మాత్రమే తయారై, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి అందులో చేరిన కంపెనీలకు అందుతుంది. ఆ ఫోటో వాళ్ల దగ్గర కనపడితే తీసేస్తారు. వాట్సాప్ లాంటి చాట్‌లలో తిరిగేదాన్ని ఇది ఆపలేదు. అయినా ఏమీ చేయలేమన్న నిస్సహాయత తగ్గుతుంది.

చేసినవాడు కూడా అదే బడి పిల్లవాడు అయితే? చాలాసార్లు అలాగే అవుతుంది. వాణ్ణి అసెంబ్లీలో నిలబెట్టి కొట్టడం, టీసీ ఇచ్చి పంపడం వద్దు. వాడికీ 18 నిండలేదు, బాలల న్యాయ చట్టం ప్రకారం వాడి సంగతి జువెనైల్ బోర్డు చూస్తుంది. వాడి పేరు బయట పెట్టినా నేరమే.

పిల్లలకు ఏం చెప్పాలి అంటే, 'ఇది చేయొద్దు, అది చేయొద్దు' అని గంట ఉపన్యాసం ఇస్తే ఏమీ మిగలదు. వాళ్లు నోటితో అనాల్సిన మాటల్ని సాధన చేయించండి. "ఒక్క ఫోటో పంపు, ఎవరికీ చూపించను" అని ఒకరు అడిగితే ఏమనాలి? "మా ఇంట్లో ఫోన్ అమ్మ చూస్తుంది, కుదరదు" అనొచ్చు. కాదని చెప్పలేక ఇరుక్కుపోయే పిల్లలకు చేతిలో ఒక సాకు ఉండటం పెద్ద బలం. గేమ్‌లో ఫ్రీగా డైమండ్లు ఇస్తానని ఓటీపీ అడిగితే ఏమనాలి? స్నేహితుడి ఫోటో గ్రూపులో ఎగతాళిగా తిరుగుతుంటే ఏం చేయాలి? నవ్వే ఎమోజీ పెట్టకుండా ఉండటం కూడా ఒక సాయమే అని పిల్లలకు చెప్తే అర్థమవుతుంది. ఇద్దరిద్దరిగా నిలబెట్టి అనిపించండి. మొదట సిగ్గుపడతారు, తర్వాత వాళ్లే కొత్తవి చెప్తారు. తెలుగులో సామగ్రి కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ నడిపే ఐఎస్ఈఏ అనే సైబర్ భద్రత అవగాహన కార్యక్రమం వాళ్ల దగ్గర పోస్టర్లు ఉన్నాయి. ఎవరికి చెప్పాలో కూడా పేరుతో చెప్పండి, "టీచర్‌కి చెప్పండి" అంటే ఎవరికీ చెప్పరు. ఒక మేడమ్, ఒక సార్, ఇద్దరి పేర్లు ప్రతి తరగతిలో రాసి ఉండాలి. ఫిర్యాదుల పెట్టె ఉంటే దాని తాళంచెవి ఆ ఇద్దరి దగ్గరే ఉండాలి, వారానికి ఒక రోజు నిర్ణయించుకుని తెరవాలి.

ఇంటి సంగతి క్లుప్తంగా. మీ వైపు చాలామంది తల్లిదండ్రులు పనుల కోసం బెంగళూరు, హైదరాబాద్ వెళ్లి, పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలారు. ఆ ముసలావిడకు ఫోన్ లాక్ తీయడం కూడా మనవడే నేర్పి ఉంటాడు. అలాంటి ఇంటికి పేరెంటల్ కంట్రోల్ యాప్ పెట్టుకోమని చెప్తే లాభం లేదు. రాత్రి తొమ్మిదికి ఫోన్ అమ్మమ్మ దిండు కింద ఉండాలి అని చెప్పండి, అది చేయగలదు. ఫోన్‌పే పిన్ మనవడికి చెప్పొద్దని చెప్పండి. చదువుకున్న తల్లిదండ్రులైతే ఇన్‌స్టాగ్రామ్‌లో పుట్టిన తేదీ సరిగా ఉందో లేదో చూడమనండి. 18 ఏళ్ల లోపు పిల్లలకు టీన్ అకౌంట్ అని 2025 నుంచి మన దేశంలోనూ వచ్చింది, అందులో ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. పిల్లలు పుట్టిన సంవత్సరం తప్పు కొట్టి దీన్ని తప్పించుకుంటారు. ఆ ఒక్క తేదీ సరిచేయిస్తే చాలా పని అయిపోతుంది.

నెట్ ఆపేయమన్న కమిటీ సభ్యుడి గురించి అడిగారు. ఆయన మీద కోపం తెచ్చుకోకండి, ఆయనకు ఉన్నది పిల్లల మీద భయమే. కానీ ఆపొద్దు మేడమ్. నెట్ తీసేస్తే పిల్లలు నెట్ మానరు. సాయంత్రం అన్న ఫోన్‌లో, ఎవరూ చూడనిచోట చూస్తారు. పెద్దవాళ్లు పక్కన ఉండి నేర్పగలిగే ఒకే ఒక్క చోటు బడి, దాన్ని మనమే మూసుకున్నట్టు అవుతుంది. ఆయన్ని ల్యాబుకు తీసుకెళ్లి, ఫిల్టర్ పెట్టక ముందు ఎలా ఉందో, పెట్టాక ఎలా ఉందో ఆయన ఎదుటే చూపించండి. గొడవ పెట్టిన తల్లిదండ్రులను కూడా పిలవండి. ఆ రోజు జరిగింది దాచకుండా చెప్పండి, ప్యానెల్‌లో ఏం మార్చారో చూపించండి. ఫోటోల అనుమతి కాగితం కూడా అదే మీటింగులో ఆమోదించుకోండి, ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పరు.

ఈ వారంలో ప్యానెల్ ఖాతాలు, రూటర్ పాస్‌వర్డ్, ఫేస్‌బుక్ పేజీలో పాత ఫోటోలు, ఈ మూడూ చూసేయండి. బల్లలు జరపడం, పిల్లలతో సాధన చేయించడం నెమ్మదిగా చేసుకోవచ్చు. మీ ఫైబర్ బాక్సు వెనక స్టిక్కర్ మీద మోడల్ పేరు ఉంటుంది, అది రాయండి. ఆ బాక్సులో డీఎన్‌ఎస్ సెట్టింగ్ ఏ మెనూలో ఉంటుందో చెప్తాను. కొన్ని బాక్సుల్లో కంపెనీ వాళ్లు ఆ మెనూ దాచేస్తారు, అలాంటప్పుడు లైన్‌మ్యాన్‌తో ఏం అడగాలో కూడా రాసి పంపుతాను.